నొప్పి లేదన్న నోరు

ఆ రోజు పొద్దున మా ఆయన గోవిందు పొగలు కక్కుతున్న టీని నాలుగు గుక్కల్లో తాగేసి గ్లాసు కింద పెట్టాడు. పెళ్లయిన పద్నాలుగేళ్లలో ఆయన వేడి టీ తాగడం నేను చూడలేదు. రెండు గ్లాసుల్లోకి అటూ ఇటూ ఒంపి, ఊది, ఇంకా కాలుతోందని నా మీద విసుక్కుని, పూర్తిగా ఆరాక తాగే మనిషి. నేను తెల్లబోయి చూశాను.

"కాలలేదా మామా?"

"లే."

"ఏదీ, నాలిక చూపించు."

"ఒన్నుమిల్లె మే. పనికి పొద్దుపోతా ఉండాది."

ఒన్నుమిల్లె అంటే తమిళంలో ఏమీ లేదని. ధర్మపురిలో మా లాంటి వాళ్లకు ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఈ ఒక్క మాటను మాత్రం మా ఆయన ఇంట్లో కూడా తమిళంలోనే అంటాడు. రెండేళ్ల కిందట కట్టుబడి పనిలో సారవ మీద నుంచి పడి కాలు విరిగినప్పుడు కూడా అదే అన్నాడు. ఎముక బయటికి కనబడుతోంది, నోట్లో మాత్రం ఒన్నుమిల్లె.

నేను చిన్నప్పుడు హోసూరు పక్క తెలుగు బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. మా ఇంట్లో మిగతావాళ్లకు తెలుగు నోటికే గాని కంటికి రాదు. వాళ్లు చదవరన్న ధైర్యంతోనే కొన్ని సంగతులు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

కాలు విరిగినప్పుడు మా అత్త సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకుంది, కొడుకు లేచి నడిస్తే పంగుణి ఉత్తరం పండగ నాడు చెంపకు అలగు గుచ్చిస్తానని. అలగంటే సన్నని శూలం. ఒక చెంపలో గుచ్చి, నోట్లోంచి రెండో చెంపకు తీస్తారు. మొక్కు మా అత్తది, చెంప మా ఆయనది. ఎవరిని అడిగి మొక్కుకుందో నాకు తెలియదు. అడిగితే "దేవునికి మొక్కేదానికి నీ పర్మిషనా?" అంటుంది. ఆమె నాకు అత్త మాత్రమే కాదు, మా నాయనకు సొంత అక్క. అందుకే నన్ను తిట్టడానికి ఆమెకు రెండు హక్కులు.

ఇరవై ఒక్క రోజుల దీక్ష. ఇంట్లో నీచు వండకూడదు, తినకూడదు. నిష్ఠగా ఉన్నవాడికి శూలం గుచ్చినా నెత్తురు రాదు, నొప్పి తెలియదు అని మా పక్క అందరి నమ్మకం. నెత్తురు వచ్చిందంటే ఇంట్లో ఎవరో తప్పు చేసినట్టు లెక్క. ఆ ఎవరో ఎప్పుడూ ఆడదే అవుతుంది, అది వేరే సంగతి.

సరిగ్గా ఆ రోజుల్లోనే నేను తప్పు చేశాను. చింతపండు కాలం అది. నేను మండీలో చింతపండు కొట్టి గింజ తీసే పనికి పోతాను. పక్కన కూర్చునే పచ్చమ్మ తన మనవరాలి పుట్టినరోజని అందరికీ పఫ్సులు పంచింది. పొద్దున్నించీ దుమ్ములో కూర్చుని ఉన్నాను, చేతికి అందింది, కొరికాను. సగం తిన్నాక లోపల గుడ్డు కనబడింది. అప్పుడు గుర్తొచ్చి, మిగతా సగం కుక్కకు వేసి నోరు కడుక్కున్నాను. ఏం లాభం? అంతమంది ఆడవాళ్లున్న మండీలో మాట దాగుతుందా? నేను ఇల్లు చేరకముందే మా అత్త చెవికి చేరింది.

"వాని చెంపలో ఒక్క చుక్క నెత్తురు కనబడినా, నొప్పి అని వాడు నోరు తెరిచినా, అది నువ్వు తిన్న గుడ్డే. గురుతు పెట్టుకో" అంది అత్త.

మా ఆయన అప్పుడు కొళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. విన్నాడు. కొళాయి కట్టేసి లోపలికి పోయాడు. నాకు ఒళ్లు మండింది. ఒక్క మాట నా తరఫున అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా అనుకున్నాను.

ఉత్తరం రోజు గుచ్చారు. మేళాలు, పసుపు నీళ్లు, ఎండ. శూలం తీసినప్పుడు చెంపకు విభూది అదిమారు. నేను గుండె చేతబట్టుకుని చూశాను. నెత్తురు కనబడలేదు. "చూసినావా నా కొడుకు!" అని అత్త చుట్టాలందరికీ చెప్పుకుంది. నేను బతికిపోయానని దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఇది జరిగిన నాలుగో రోజే ఆ టీ.

తర్వాత ఒక్కొక్కటే కనబడసాగింది. సంగటి ముద్ద మింగుతూ పెదవి కొరుక్కున్నాడు. పెదవి నుంచి నెత్తురు కారుతున్నా ఆయనకు తెలియలేదు, నేను చెబితే తుడుచుకున్నాడు. మాట ముద్దగా వస్తోంది. పడుకుంటే నోటి పక్క చొంగ. తాగుతున్నాడేమోనని అనుమానం వచ్చి దగ్గరికి పోయి వాసన చూశాను. సారాయి కాదు, పుదీనా వాసన. మొన్నటిదాకా దీక్షలో ఉన్న మనిషి పుదీనా వాసన కొడితే ఏ పెళ్లాం ఏమనుకుంటుందో చెప్పండి.

ఆరో రోజు ఆయన తాపీ, రసమట్టం పెట్టుకునే సంచి దులిపాను. రెండు ట్యూబులు పడ్డాయి. ఒకటి అడుగంటా పిండి చుట్టేసి ఉంది, రెండోది సగం. నోటి పుండుకు పూసుకునే జెల్. వెనక చీమ తలకాయంత అక్షరాలు, అన్నీ ఇంగ్లీషు. ఆ సాయంత్రం సగం ట్యూబు పట్టుకుని మెడికల్ షాపుకు పోయాను.

"మీ ఇంటాయన నోటి నొప్పికి మందు కావాలన్నాడు, ఇచ్చినాను" అన్నాడు షాపాయన.

"నోట్లో ఏమైందని అడగలేదా?"

"నొప్పి అన్నాడు గదక్కా. నొప్పికి ఇచ్చినాను."

"ఎన్నిసార్లు పూసుకోమని చెప్పినారు?"

"దాంట్లోనే రాసుంటుందక్కా." అంతలో ఇంకొకరు దగ్గు మందు అడిగారు. ఆయన అటు తిరిగాడు.

ఇంటికొచ్చి మా ఆయన్ని నిలదీశాను. ఆయన నేల చూస్తూ, "పన్ను నొప్పి మే" అన్నాడు. పన్ను నొప్పా! నాకు ప్రాణం లేచొచ్చింది. పన్ను నొప్పికీ గుడ్డుకీ సంబంధం లేదు కదా. ఎవరూ నన్ను అనడానికి లేదు. నోరు తెరిచి చూపించమని అడగనే లేదు నేను. ట్యూబు మాత్రం లాక్కుని నా సద్ది సంచిలో వేసుకున్నాను. మందు తీసేసుకుంటే మాన్పించినట్టే అనుకున్నంత తెలివి నాది. షాపు ఆ రోజే మూసేస్తారా? ఆయన పోయి కొత్త ట్యూబు కొన్నాడు. గొంతు కూడా నొస్తోందని తిమ్మిరెక్కించే స్ప్రే, చప్పరించే బిళ్లలు కూడా తెచ్చుకున్నాడు. అన్నీ వేరే వేరే పేర్లు, కాబట్టి వేరే వేరే మందులని ఆయన లెక్క.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం మండీకి ఫోన్ వచ్చింది. మా ఆయనతో పనిచేసే మేస్త్రి మాదేశు. "అక్కా, అన్నకు ఆయాసం. గోడ మీద కూలబడినాడు. పెదవులు సిరా పూసినట్టు ఉండాయి. ఇంటికి తెచ్చినాను."

"ఇంటికి ఎందుకు తెచ్చినావు మాదేశా? ఆసుపత్రికి పోవాల గదా!"

"అన్న ఒన్నుమిల్లె అన్నాడక్కా."

నేను పోయేసరికి మా ఆయన చాప మీద కూర్చుని చేపలా నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు. పెదవులు, గోళ్లు బూడిద కలిసిన నీలం. మా అత్త నుదుటి నిండా విభూది పూసి, ఇంకా పూస్తోంది. "సామి కోపం. తప్పు కట్టాల. గుడికి తీసుకుపోదాం పట్టు" అంటోంది. చూపు నా వైపే.

నా జన్మలో మొదటిసారి మా అత్త మీద అరిచాను. "సామి ఎక్కడికీ పోడు, సాయంత్రమైనా ఉంటాడు. నీ కొడుకు ఉండడు. తప్పుకో!" అన్నాను. మాదేశు ఆటో తెచ్చాడు. ఆయన సంచీ కూడా తెమ్మన్నాను.

ఆసుపత్రిలో వేలికి ఆక్సీమీటర్ పెట్టారు. ఎనభై అయిదు. ముఖానికి ఆక్సిజన్ మాస్క్ పెట్టారు. అయినా ఎనభై అయిదే. నర్సమ్మ వేలు మార్చింది, మిషను మార్చింది. నంబరు కదల్లేదు. చిన్న వయసు డాక్టరమ్మ వచ్చి ఊపిరితిత్తులు విని, ఛాతీ బాగానే ఉందే అని ఆలోచనలో పడింది.

"ఏమైనా మందు వాడారా?" అని తమిళంలో అడిగింది.

మా ఆయన తల అడ్డంగా ఊపాడు. మాస్క్ లోపల పెదవులు కదిలాయి. ఏమన్నాడో నాకు వినబడకపోయినా తెలుసు.

నేను నా సద్ది సంచిలోని ట్యూబు, ఆయన సంచిలోని కొత్త ట్యూబు, స్ప్రే, బిళ్లల అట్ట అన్నీ ఆమె ముందు కుమ్మరించాను. డాక్టరమ్మ ఒక్కొక్కటి తిప్పి చూసింది. "దీంట్లో బెంజోకైన్. దీంట్లోనూ బెంజోకైన్. ఇదీ అదే. రోజుకు ఎన్నిసార్లు?"

మా ఆయన వేళ్లు చూపించాడు. పది వేళ్లూ చూపించి, మళ్లీ కొన్ని చూపించాడు.

సూదితో నెత్తురు తీశారు. ఎర్రగా లేదు. చాక్లెట్ కరిగించినట్టు ఉంది. డాక్టరమ్మ దాన్ని వెలుగుకు పెట్టి చూసి, "మెథెమోగ్లోబిన్" అంది. తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పింది: "మీ ఆయన ఊపిరి బాగానే పీలుస్తున్నాడమ్మా. కానీ ఈ మందు మితిమీరి వంట్లోకి పోయి, రక్తం ఆక్సిజన్ మోసే పని మానేసింది. బండి ఉంది, మూట ఎత్తుకోదు."

విరుగుడు ఉందట. మెథిలీన్ బ్లూ అనే ఇంజెక్షన్. అది కొందరికి పడదట, అందుకని ముందు జి-సిక్స్-పి-డి అనే రక్తలోపం గాని, పసిరికలు పట్టే జబ్బు గాని ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగారు. లేదన్నాను. సిరంజిలో ముదురు నీలం రంగు నీళ్లు చూసి నాకు మతిపోయింది. మనిషే నీలంగా ఉన్నాడు, మళ్లీ నీలమే ఎక్కిస్తున్నారు. "ఇది ఎక్కుతుంటే మిషనులో నంబరు ఇంకా పడిపోతుంది. అది రంగు వల్ల, బెదరకండి" అని డాక్టరమ్మ ముందే చెప్పింది. చెప్పింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ మంచం పక్కనే నేనూ పడేదాన్ని. ఒక గంటలో పెదవులకు మనిషి రంగు తిరిగి వచ్చింది. నంబరు తొంభై ఏడు.

మర్నాడు ఆయనకు మూత్రం ఆకుపచ్చగా వచ్చింది. మా అత్త చూసి, ఆసుపత్రివాళ్లు విషం ఎక్కించారని వార్డంతా వినబడేలా ఏడుపు మొదలుపెట్టింది. మందు రంగు అలాగే పోతుందని నర్సమ్మ నాలుగుసార్లు చెప్పింది. నాలుగోసారి నర్సమ్మకూ విసుగొచ్చింది.

గండం గడిచిందనుకుంటే, అసలు సంగతి అప్పుడు బయటపడింది. తిమ్మిరి దిగింది, నొప్పి ఎక్కింది. డాక్టరమ్మ టార్చి వేసి నోరు తెరిపించింది. ఎడమ చెంప లోపల శూలం దిగిన చోట చీము గడ్డ. చుట్టూ టీకి బొబ్బలెక్కిన చర్మం, పళ్ల కింద పడి నలిగిన మాంసం. పన్ను మాత్రం ఒక్కటీ చెడలేదు. దంత డాక్టరు వచ్చి గడ్డ కోయాలన్నాడు.

"పచ్చి పుండు మీద పూస్తే మందు నేరుగా రక్తంలోకి పోతుంది. నొప్పి తెలిసి ఉంటే రెండో రోజే వచ్చేవాడివి కదయ్యా" అన్నాడు ఆయన.

"కోసేటప్పుడు మళ్లీ తిమ్మిరి మందు ఇస్తారా సార్?" అని నేను భయపడుతూ అడిగాను.

"ఇస్తానమ్మా, ఇవ్వకుండా ఎట్లా కోస్తాను? వేరే రకం ఇస్తాను, కొలిచి ఇస్తాను, పక్కన నిలబడి చూస్తాను. మీ ఆయన చేసింది ఈ మూడూ కాదు."

గడ్డ కోసి చీము తీశారు. టీటీ వేశారు. ఆరు రోజులు సెలైన్‌లో యాంటీబయాటిక్. ఆ ఆరు రోజులు మా ఆయన నొప్పికి కళ్లనీళ్లు పెట్టుకోవడం చూశాను. గంజి చెంచాతో పోస్తూ రెండో రోజు అడిగేశాను. "ఎందుకు చెప్పలేదు మామా? పన్ను అని నాకెందుకు అబద్ధం చెప్పినావు?"

ఆయన చెంపను అరచేత్తో పట్టుకుని చెప్పాడు. "శూలం పెరికేటప్పుడే నెత్తురు వచ్చింది మే. లోపల. మింగేసినాను. నొస్తా ఉండాది అంటే మా అమ్మ నీ మీద పడుతుంది. గుడ్డు, గుడ్డు అని బతుకంతా అంటుంది. అందుకని."

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. చెంచా గిన్నెలో విసిరికొట్టాను. "నన్ను నాలుగు మాటలు అంటే అననీ! పడతాను. పద్నాలుగేళ్లుగా పడటం లేదా? దానికోసం నన్ను ముండమోపిని చేస్తావా?" అన్నాను. అప్పుడు వచ్చింది ఏడుపు. కొళాయి దగ్గర ఆ రోజు నా తరఫున మాట్లాడలేదని ఈ మనిషినే కదా తిట్టుకున్నాను. ఒక్క మాటతో పోయేదానికి చెంపంతా కుళ్లబెట్టుకున్నాడు. ఇలాంటి ప్రేమను ఏం చేసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

తల ఎత్తి చూస్తే మా అత్త ఫ్లాస్కుతో వార్డు గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో. వచ్చి మంచం చివర కూర్చుంది. ఇక మొదలవుతుందని నేను నడుం బిగించాను.

"మొదటి దినం నించీ నొచ్చిందా నాయనా?" అంది.

మా ఆయన నా వైపు చూశాడు. తర్వాత వాళ్లమ్మ వైపు. "నొచ్చింది మా. ఇప్పుడూ నొస్తా ఉండాది."

ఆమె ఫ్లాస్కు మూత తిప్పి మళ్లీ బిగించింది. నాతో అంది. "మీ తాత కూడా గుచ్చుకున్నాడు మే, నేను చిన్నబిడ్డగా ఉన్నప్పుడు. వచ్చినాక మూడు దినాలు కూడు ముట్టలేదు, నోరు విప్పలేదు. నిష్ఠ, నిష్ఠ అని ఊరంతా కాళ్లకు మొక్కినారు. మా అమ్మ మాత్రం గోడ పక్కకు పోయి ఏడ్చింది. ఎందుకేడ్చిందో నాకు ఇప్పుడు తెలస్తా ఉండాది."

గుడ్డు మాట ఆమె మళ్లీ ఎత్తలేదు. నన్ను క్షమించిందని కాదు, నేను ఎదురు చూడనూ లేదు. చింతపండు తడిసిందని, చారు పలచనైందని రోజూ తిడుతూనే ఉంది. ఈ ఏడు ఉత్తరానికి మాత్రం తనే పాలకుండ నెత్తికెత్తుకుని కొండెక్కి వచ్చింది. "నా మొక్కు నా నెత్తిన" అంది.

మా ఆయన పనికి పోతున్నాడు. చెంప లోపల చిన్న గంటు మిగిలింది. మాట తేటగా వస్తోంది. బెంజోకైన్ పడదని డాక్టరమ్మ ఒక చీటీ రాసి ఇచ్చింది. అది ఆయన ఆధార్ కార్డు వెనక పెట్టి ఉంది. ఏ డాక్టరు దగ్గరికి పోయినా ముందు అదే తీయమని ఒట్టు వేయించుకున్నాను.

జెల్ చెడ్డదని నేను చెప్పను. మొన్న పచ్చమ్మకు నోట్లో పుండు లేచింది, వాళ్లూ జెల్ కొన్నారు. నేనే కూర్చుని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి చెప్పాను: వేలి కొసకు అంటినంతే, అట్ట మీద రాసినన్ని సార్లే, తిమ్మిరి దిగేదాకా వేడిది తాగకు, ఏమీ నమలకు, ఒకే మందు ఉన్న ఇంకో బిళ్ల కలపకు, వారంలో తగ్గకపోతే డాక్టరుకు చూపించు. చిన్న మనవరాలికి పళ్లు వస్తున్నాయి, చిగుళ్లకు కాస్త పూయనా అంది. నేను వేసిన కేకకు పక్కింటివాళ్లు తొంగి చూశారు. రెండేళ్లలోపు బిడ్డలకు అది అసలే పనికిరాదు, డాక్టరమ్మ మాకు మరీ మరీ చెప్పిన మాట.

ఇవన్నీ అట్ట మీద ఉంటాయి. అట్ట మీద లేనిది ఒక్కటి చెబుతాను. నోటికి తిమ్మిరి మందు పూసుకునే ముందు, ఎక్కడ నొస్తుందో, ఎందుకు నొస్తుందో ఇంట్లో ఒక మనిషికి నోరు తెరిచి చూపించండి. ట్యూబు సంచిలో దాచకుండా నలుగురికీ కనబడే చోట పెట్టండి. మీకు తిమ్మిరెక్కినప్పుడు చూసేది ఆ రెండో మనిషి కళ్లే.

ఈ పొద్దున టీ ఇచ్చాను. మా ఆయన ఒక గుక్క తాగి, "అబ్బా! ఏమి మే, నాలిక కాలిపాయ! ఆర్చి ఇచ్చేదానికి నీకేమి?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. నేను బదులు చెప్పేలోపే మా అత్త లోపలి నుంచి సెల్‌ఫోను టార్చి వెలిగించుకుని వచ్చింది.

"కాలిందా? ఏదిరా, నోరు తెరువు, చూస్తాను" అంది.

ఆయన తెరిచాడు.